కండక్టరు గారు ఎక్కడున్నా

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు మోకాళ్ళ వ్యాయామానికి వెళ్ళి వచ్చేలోగా మిషను చేత ఇల్లంతా తడిగుడ్డ పెట్టించాలి. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ మిషను ఆవిడ మనసు కరిగేలా నాలుగు మాటలు మాట్లాడాలి. అంతే. పథకం వేసినవాళ్ళు ఇద్దరు మగవాళ్ళు. ఒకరు బస్సు కండక్టరుగా రిటైరైన మామగారు, ఇంకొకరు కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే అల్లుడు. నేల తుడవటం గురించి ఇద్దరు మగవాళ్ళు కలిసి పథకం వేస్తే ఏమవుతుందో ఏ ఇల్లాలిని అడిగినా చెప్పేది. వాళ్ళు అడగలేదు.

ఆ భవనం సంగతి ముందు చెప్పాలి. బస్సుల సంస్థలో పనిచేసినవాళ్ళంతా కూడబలుక్కుని కట్టుకున్న నాలుగంతస్తుల ఇల్లది. కింద వాటాలో డ్రైవరు, పైన డిపో కంట్రోలరు, మధ్యలో టికెట్ల కౌంటరు ఆవిడ, ఇలా అంతా ఒక గూటి పక్షులే. అందరూ రిటైరై ఏళ్ళు గడిచాయి గాని, ఆ సంగతి వాళ్ళ ఒంటికి ఇంకా తెలియలేదు. మెట్ల మీద ఎవరైనా ఈల వేస్తే ఇద్దరు ముగ్గురు అప్రయత్నంగా లేచి నిలబడతారు. ఎవరింటి పిల్లాడో స్కూటరు వెనక్కి తీసుకుంటుంటే బాల్కనీలోంచి ఓ పెద్దాయన "రానీ, రానీ, రానీ... హోల్డాన్!" అని కేకేసి, పని పూర్తయిన తృప్తితో లోపలికి వెళతాడు.

మూడో అంతస్తులోని అత్తగారు ఒకప్పుడు బస్‌స్టేషన్ అనౌన్సరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆవిడ పుట్టింటివాళ్ళకే గుర్తుండాలి. మిగతా లోకానికి ఆవిడ మైకమ్మ. ఆ గొంతు అలాంటిది. బస్సు వస్తోందని మైకమ్మ అంటే, రాని బస్సు కూడా సిగ్గుపడి వచ్చేదని చెప్పుకునేవారు. "దయచేసి వెనుకకు జరగండి" అని ఆవిడ అంటే, ఆ సమయానికి రోడ్డవతల నడుస్తున్నవాళ్ళు కూడా ఓ అడుగు వెనక్కి వేసేవారు.

మామగారికి ఆవిడతో పెళ్ళయింది కూడా ఆ మైకు వల్లనే. కుర్రతనంలో ఆయన బస్సు స్టేషన్‌లోకి రాగానే టీ కొట్టులో దూరేవాడు. బయలుదేరే వేళయినా కదిలేవాడు కాదు. అప్పుడు పైనుంచి పిలుపొచ్చేది. "కండక్టరు గారు ఎక్కడున్నా వెంటనే బస్సు వద్దకు రావలెను." ఆయన మీసం తుడుచుకుంటూ, అంతమంది జనంలో తనొక్కడికే ఉత్తరం వచ్చినట్టు నడిచి వచ్చేవాడు. ఆలస్యానికి కంట్రోలరు మెమో ఇచ్చేవాడు. మర్నాడు మళ్ళీ టీ కొట్టే.

అలాంటి గొంతుని ఒకనాడు ఆఫీసువాళ్ళు ఓ పెట్టెతో మార్చేశారు. మీట నొక్కితే అదే మాట్లాడుతుంది. ఎక్కడా ఊపిరి తీసుకోని గొంతు, బస్సు వచ్చినా అదే గొంతు, బ్రేకులు ఫెయిలైనా అదే గొంతు. మైకమ్మ ఆఖరిరోజు ఇంటికొచ్చి, పాత క్యాసెట్లన్నీ చెత్తబుట్టలో వేసి, "ఇక ఈ ఇంట్లో నా గొంతు మాట ఎత్తకండి" అంది. అప్పటినుంచి ఆవిడ నెమ్మదిగా, అవసరమున్నంతే మాట్లాడుతుంది. చెప్పుకోదగ్గ బాధే అది. కాని ఎవరితో చెప్పుకుంటుంది? మనిషిని తీసేసి మిషను పెట్టారంటే, ఊళ్ళో అందరూ "అబ్బ, ఎంత స్పష్టంగా మాట్లాడుతోందో!" అన్నవాళ్ళే.

మాటలు తగ్గాక ఆవిడ ప్రాణమంతా నేల మీదికి మళ్ళింది. పనిమనిషిని పెట్టనివ్వదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పలకా తుడుస్తుంది. ఆ మోకాళ్ళు ఇప్పుడు చెప్పిన మాట వినడం మానేశాయి. "ఇంకొన్నాళ్ళు ఇలాగే నేల మీద పాకితే ఆపరేషనే గతి" అని డాక్టరు తేల్చేశాడు. అందుకని కూతురూ అల్లుడూ కలిసి నేల తుడిచే రోబోని కొన్నారు. గుండ్రటి పీటలా ఉంటుంది. అడుగున గిరగిరా తిరిగే గుడ్డలు రెండు, కడుపులో మంచినీళ్ళకో తొట్టి, మురికినీళ్ళకో తొట్టి.

అల్లుడు దాన్ని పెట్టెలోంచి తీసి, మీట నొక్కి, "చూశారా అత్తయ్యా, ఇక మీకు నేలతో పనే లేదు!" అన్నాడు.

"ఇల్లలకగానే పండగ కాదు బాబూ" అంది మైకమ్మ.

అప్పుడు ఆ మిషను నోరు విప్పింది. "శుభ్రపరచుట ప్రారంభమైనది" అంది. ఊపిరి తీసుకోని ఆడగొంతు. సాక్షాత్తూ ఆ పెట్టెలోని గొంతు కాకపోయినా దాని తోబుట్టువే. మైకమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ గొంతు నన్ను బస్‌స్టేషన్‌లోంచి పంపేసింది. ఇప్పుడు ఇంట్లోంచి కూడా పంపేస్తుందా? ఆదివారం కల్లా దీన్ని కొట్టుకి తిరిగిచ్చేయండి" అంది.

"అమ్మా, నీ మోకాళ్ళు..." అని కూతురు ఏదో అనబోయింది.

"నా మోకాళ్ళు నాతోనే వచ్చాయి, నాతోనే పోతాయి" అని తడిగుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మామగారు అల్లుడి చెవిలో అడిగాడు. "అల్లుడూ, ఇది ఎప్పుడూ ఆ గొంతుతోనే మాట్లాడుతుందా?"

"లేదు మామయ్యా. మనం ఏ గొంతు ఎక్కిస్తే ఆ గొంతుతో మాట్లాడుతుంది. సినిమా హీరోలా కూడా మాట్లాడించొచ్చు."

మామగారు అటూ ఇటూ చూసి, తన పాత తోలుసంచి అడుగునుంచి ఒక క్యాసెట్టు తీశాడు. చెత్తబుట్టలోంచి ఆనాడు ఏరుకున్నది. దాన్ని వినిపించే టేపురికార్డరు ఎప్పుడో మూలపడింది గనక ఆయన కూడా విని చాలా ఏళ్ళయింది. రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్ళి ఆ మాటలన్నీ ఫోన్లోకి ఎక్కించుకొచ్చారు. ఆ తర్వాత మామా అల్లుళ్ళు కూర్చుని, ఏ సందర్భానికి ఏ ప్రకటన అని పంచారు. పని మొదలైతే "బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది". కుర్చీ అడ్డొస్తే "దయచేసి బస్సుకు అడ్డముగా నిలబడవద్దు". ఎక్కడైనా ఇరుక్కుంటే, ఇంకేముంది, "కండక్టరు గారు ఎక్కడున్నా". తన ఛార్జింగు గూటికి దారి తెలియకపోతే తప్పిపోయిన బాబు ప్రకటన.

"మురికినీళ్ళ తొట్టి నిండితే ఏం పెడదాం మామయ్యా?"

"జేబుదొంగలు ఉన్నారు జాగ్రత్త అన్నది పెట్టు. మురికంటే వాళ్ళే కదా."

అనుకున్న రోజు రానే వచ్చింది. మైకమ్మ, కూతురు ఆటో ఎక్కగానే అల్లుడు మీట నొక్కాడు. మామగారికి కాస్త చెవుడు. "గట్టిగా పెట్టు అల్లుడూ, గట్టిగా" అన్నాడు. అల్లుడు ఆఖరిదాకా పెంచాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడవ నంబరు ప్లాట్‌ఫారము నుండి బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

గది గోడలు మోగాయి. మామగారు కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. డీజిలు వాసన, తడిసిన ప్లాట్‌ఫారం, గాజుగ్లాసు అంచున వేడి, కిటికీల్లోంచి సీటు మీదికి విసిరిన చేతిరుమాళ్ళు, అన్నీ ఆ ఒక్క వాక్యంలో కూర్చుని వచ్చాయి. ఆయనకి ఏడుపొచ్చింది. అల్లుడు చూడనట్టు నటించి, రోబో అట్టపెట్టె బయట పెట్టివస్తానని తలుపు తీశాడు. పెట్టెని గుమ్మంలోనే వదిలి, కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ గొంతుకి అతనికి కూడా ఏదో అయింది. అతను చిన్నప్పుడు సెలవులకు వెళ్ళిన బస్సులన్నీ ఆ గొంతు పంపినవే.

వీళ్ళిద్దరూ ఇలా పాతరోజుల్లో ఉండగా రోబో ఈ రోజు పని తాను చేసుకుపోయింది. తలుపు తీసి ఉంది, గడప లేదు, ఎదురుగా లిఫ్టు. అందులోంచి కౌంటరు ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ దిగింది. ఆవిడ ఇటు దిగింది, మిషను అటు ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి.

అదే సమయంలో కింద లిఫ్టు కోసం మీట నొక్కి నిలబడ్డవాడు డ్రైవరు. సర్వీసంతా ఒక్క ప్రమాదం చెయ్యలేదు, కాని ఆయన బస్సెక్కి నెత్తి బొప్పి కట్టించుకోనివాళ్ళూ లేరు. పిల్లి కనిపించినా, పిల్లి నీడ కనిపించినా బ్రేకే. అందుకే అంతా బ్రేకులాయన అంటారు. లిఫ్టు దిగుతుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది.

"దయచేసి బస్సుకు అడ్డముగా నిలబడవద్దు."

బ్రేకులాయన పక్కకి తప్పుకున్నాడు. తప్పుకున్నాక ఆలోచించాడు. మైకమ్మ గొంతే! ఇన్నేళ్ళ తర్వాత! లిఫ్టు గోడల మధ్య ఇరుక్కున్న మిషను మళ్ళీ అరిచింది. "కండక్టరు గారు ఎక్కడున్నా వెంటనే బస్సు వద్దకు రావలెను."

"అయ్యో, మొగుణ్ణి పిలుస్తోంది! ఏదో ఆపద!" అనుకున్నాడు. ఆపద అనుకున్న మరుక్షణం ఆయన ఏం చేస్తాడో మీకు తెలిసిందే. పక్క గోడకున్న లిఫ్టు ఎర్ర స్విచ్చిని ఠక్కున కిందికి లాగాడు. ఒక్క క్షణం ఊరుకుంటే తనంత తానే దిగి తలుపు తెరుచుకోవలసిన లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది.

తర్వాత భవనమంతా మెట్ల మీదే ఉంది. కంట్రోలరు మెడలో పాత ఈల వేసుకుని దిగాడు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు వరసలో నిలబెట్టాడు. ఎందుకు వరస అని ఎవరూ అడగలేదు. లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే, మనిషి వస్తున్నాడన్నారు. ఎక్కడినుంచి వస్తున్నాడో చెప్పలేదు.

"మైకమ్మా, భయపడకు! మేమంతా ఇక్కడే ఉన్నాం!" అని కంట్రోలరు లిఫ్టు సందులోకి అరిచాడు.

లోపల మిషనుకి గూటి దారి తప్పిపోయింది. అది తనకు నేర్పిన ప్రకారం జవాబిచ్చింది. "తప్పిపోయిన బాబు ఒకడు మైకు గది వద్ద ఏడ్చుచున్నాడు. తల్లిదండ్రులు ఎక్కడున్నా వచ్చి తీసుకొని వెళ్ళవలెను."

మెట్ల మీద గగ్గోలు పుట్టింది. "ఆవిడతో పాటు ఓ బాబు కూడా ఉన్నాడట!" ఆడవాళ్ళు ఎవరి మనవల్ని వాళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకావిడ లెక్క తక్కువొచ్చి శోకాలు పెట్టి, మనవడు తన కొంగు పట్టుకునే ఉన్నాడని తర్వాత చూసుకుంది. ఇంతలో లిఫ్టు అడుగునుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారసాగాయి.

"పాపం, ఎలా ఏడుస్తోందో" అంది ఒకావిడ.

"ఏడుపు కాదు. రేడియేటరు లీకు" అన్నాడు బ్రేకులాయన.

"జేబుదొంగలు ఉన్నారు, జాగ్రత్త" అంది లోపలి గొంతు. వరసలో ఉన్నవాళ్ళంతా జేబులు తడుముకుని, పక్కవాడి వైపు అనుమానంగా చూశారు.

పైన మామా అల్లుళ్ళు మంచాల కింద రోబోని వెతుకుతున్నారు. కౌంటరు ఆవిడ రొప్పుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ! వదిన లిఫ్టులో ఇరుక్కుపోయింది! మిమ్మల్నే పిలుస్తోంది!"

మామా అల్లుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిజం చెబితే అది మైకమ్మ ఆటో దిగేలోపే ఆవిడ చెవిన పడుతుంది. గొంతు మాట ఎత్తవద్దన్న మనిషికి, ఆ గొంతుని ఊరంతా వినిపించారని తెలిస్తే మిషను ఆదివారం దాకా కూడా ఉండదు. ఆవిడ రేపటినుంచి మళ్ళీ మోకాళ్ళ మీద. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా కిమ్మనకుండా మెట్లు దిగారు.

మామగారు లిఫ్టు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. "కండక్టరు గారు ఎక్కడున్నా వెంటనే బస్సు వద్దకు రావలెను."

"వస్తున్నా, వస్తున్నా!" అన్నాడాయన. అనకూడదనుకుంటూనే అన్నాడు. తలుపుకి చెవి ఆనించి అలాగే నిలబడిపోయాడు. ఆ పిలుపు ఆగిపోయిన రోజునుంచి ఆయన ఎక్కడికీ ఆలస్యంగా వెళ్ళలేదు. ఆలస్యమైతే పిలిచేవాళ్ళు లేరు గనక.

ఆ గొంతు వినని దినం వరసలోవాళ్ళకీ లేదు ఒకప్పుడు. కంట్రోలరు ఈల నోట్లోంచి తీసి, "ఎంత బాగా పిలిచేదయ్యా మనల్ని" అన్నాడు. ఎవరో ముక్కు చీదారు. అల్లుడొక్కడే రోబో బ్యాటరీ ఇంకెంతసేపు వస్తుందా అని ఫోన్లో చూసుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో ఆటో ఆగింది. మైకమ్మ కూతురి భుజం పట్టుకుని కుంటుకుంటూ లోపలికొచ్చింది. అందరి వీపులూ ఆవిడ వైపే ఉన్నాయి. చివర నిలబడ్డ ఒకావిడని మెల్లగా అడిగింది.

"ఏమైందమ్మా?"

"మైకమ్మ లిఫ్టులో ఇరుక్కుంది, పాపం. చంటిపిల్లాడితో సహా" అంది ఆవిడ తల తిప్పకుండానే.

"అయ్యయ్యో!" అంది మైకమ్మ.

అన్నాక గాని ఆవిడకి విషయం తట్టలేదు. ఏదో అడగబోయేంతలో లిఫ్టు సందులోంచి గొంతు మోగింది. మైకమ్మ గోడ పట్టుకుని ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు ఆవిడ గాజు గదిలో కూర్చుని మాట్లాడింది. ఆ మాటలు బయట జనం మీద ఎలా వాలేవో ఆవిడ ఏనాడూ వినలేదు. ఇప్పుడు జనంలో నిలబడి, జనం వెనకనుంచి, మొదటిసారి విన్నది. ఒక్కొక్కరి వీపూ ఆ మాటకి ఎలా నిటారవుతోందో చూసింది. తన గొంతు ఇంత బాగుండేదా అని ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది.

ముందు వరసలో మాత్రం పని ముదిరింది. "ఇంకెంతసేపు? తలుపు పగలగొట్టేద్దాం!" అని బ్రేకులాయన గునపం తెచ్చాడు. అందరూ ఒక్కసారి ముందుకి తోసుకున్నారు. మెట్ల మీద కాళ్ళు జారుతున్నాయి. తలుపుకి, గునపానికి మధ్య మామగారు నలుగుతున్నాడు. కంట్రోలరు ఈల ఊదుతున్నాడు గాని వినేవాడు లేడు.

మైకమ్మ గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! అందరూ రెండడుగులు వెనుకకు జరగవలెను! డ్రైవరు గారు చేతిలోని గునపము కింద పెట్టవలెను!"

అందరూ రెండడుగులు జరిగారు. గునపం కింద పడింది. ఆ తర్వాత అంతా నోళ్ళు తెరుచుకుని ముందు ఆవిడ వైపు, తర్వాత లిఫ్టు వైపు, మళ్ళీ ఆవిడ వైపు చూశారు.

"నువ్విక్కడుంటే... మరి లోపలెవరు?" అన్నాడు బ్రేకులాయన.

"నేనూ అదే అడుగుతున్నాను. ముందు ఆ స్విచ్చి ఎవరు ఆపారు?"

బ్రేకులాయన తల వంచుకుని వెళ్ళి స్విచ్చి పైకి నెట్టాడు. లిఫ్టు బుద్ధిగా దిగింది. తలుపులు తెరుచుకున్నాయి. నీళ్ళ మడుగు మధ్యనుంచి గుండ్రటి పీట లాంటిది మెల్లగా బయటికొచ్చి, కంట్రోలరు చెప్పులు తుడిచి, "ఈ సర్వీసు ఈ రోజుకు రద్దు చేయబడినది. ప్రయాణికులు సహకరించగలరు" అని చెప్పి ప్రాణం విడిచింది.

అల్లుడు దాన్ని చంకన పెట్టుకుని తలొంచుకున్నాడు. మైకమ్మ మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఆ క్యాసెట్లు నేను పారేశాను కదండీ."

"పారేశావు. నేను ఒకటి ఏరుకున్నాను."

"ఎందుకు?"

"మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తావేమోనని" అన్నాడాయన. "టీ కొట్టులో ఊరికే కూర్చున్నానా? నువ్వు పిలవాలనే కూర్చునేవాణ్ణి."

"అంటే, నేనిచ్చిన మెమోలన్నీ..." అన్నాడు కంట్రోలరు.

"ఇంట్లో భద్రంగా ఉన్నాయి సార్. పెళ్ళి ఫొటోల పక్కనే."

మైకమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కూతురు భయపడుతూ, "అమ్మా, మిషను ఇవాళే తిరిగిచ్చేయమంటావా?" అంది.

"మిషనుదేముందే, పాపం, దాని పని అది చేసింది. ఇవ్వాల్సింది ఆ క్యాసెట్టు. ఆ రోజు నాకు జలుబు. 'ఎక్కడున్నా' అన్నచోట గొంతు ఎలా జీరబోయిందో వినలేదూ? అలాంటిదాన్ని నలుగురిలో వదులుతారా?" అని అల్లుడి వైపు తిరిగింది. "ఏం బాబూ, మీ ఫోన్లో మైకు ఎక్కడుంటుంది?"

మర్నాడు ఉదయం మైకమ్మ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అల్లుడు మీట నొక్కాడు. కొత్తగా ఎక్కించిన గొంతు కిటికీలు దాటి మోగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నేల తుడుచుట ప్రారంభమగుచున్నది. కండక్టరు గారు ఎక్కడున్నా వెంటనే కాళ్ళు పైకెత్తుకొనవలెను."

మామగారు వంటింట్లో ఉన్నాడు. వినపడినా కదలకుండా, రెండోసారి పిలిచేదాకా ఆగి, అప్పుడొచ్చి కాళ్ళు ఎత్తుకున్నాడు.

అప్పటినుంచి రోజూ ఆ కేక వినగానే నాలుగంతస్తుల్లోనూ అందరూ కాళ్ళు పైకెత్తుకుని కూర్చుంటున్నారు. నేల మాత్రం ఒక్క ఇంట్లోనే శుభ్రపడుతోంది.